సెల్లార్ 22 రోజులు ఆలస్యమైతే ఫ్లాట్లు ఎన్నాళ్లు ఆలస్యమవుతాయి?

ప్రశ్న: సివిల్ బీటెక్ అయిపోయి మూడేళ్లయింది. బాచుపల్లి వైపు ఒక అపార్ట్‌మెంట్ సైటులో ప్లానింగ్ ఇంజినీర్‌గా చేరి 8 నెలలు. ఒక సెల్లార్, పైన ఐదు అంతస్తులు. చేరగానే ఎంఎస్ ప్రాజెక్ట్‌లో 340 లైన్ల షెడ్యూల్ వేశాను, ఆఫీసు గోడకి అంటించారు కూడా. సెల్లార్ తవ్వుతుంటే షీట్ రాక్ (పలకలా పరుచుకున్న గట్టి రాయి) తగిలి 22 రోజులు పోయాయి. మా ఎండీ గారు "అయితే ఫ్లాట్లు ఎప్పుడిస్తాం?" అని అడిగారు. అన్ని తేదీలూ 22 రోజులు వెనక్కి జరిపి చూపించాను. "ఈ మాత్రం నేనూ చెయ్యగలనమ్మా" అన్నారు. నెట్‌వర్క్ డయాగ్రమ్ లేకుండా షెడ్యూల్ వేస్తే ఇంతేనని మా సీనియర్ అన్నారు. కాలేజీలో యారోలు, డమ్మీలు చదివాను గానీ నిజం సైటుకి అది ఎలా గీస్తారో తెలీదు. మేస్త్రీలని అడిగితే చిన్నపిల్లనని మాట దాటేస్తారు. ఎక్కడ మొదలుపెట్టాలి? యారో పద్ధతా, బాక్సుల పద్ధతా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం:

అమ్మా, ఎండీ గారి మాట మిమ్మల్ని బాగానే బాధపెట్టినట్టుంది. అయినా ఆయన అడిగిన ప్రశ్న మాత్రం చాలా మంచి ప్రశ్న. 22 రోజుల ఆలస్యం చివరికి 22గానే చేరుతుందని ఎక్కడా లేదు. మధ్యలో ఖాళీ రోజులు ఉంటే తగ్గుతుంది. రాఫ్ట్ (బిల్డింగు కింద పరిచే పునాది స్లాబు) కాంక్రీటు మే నెల నుంచి జారి జూన్ వానల్లో పడితే పెరుగుతుంది. ఫినిషింగ్ పనులు దీపావళి దాటిపోతే, ఛఠ్ పూజకి ఊరెళ్లిన బీహార్ కుర్రాళ్లు తిరిగొచ్చేదాకా ఇంకా పెరుగుతుంది. మీ చార్టులో తేదీలున్నాయి. ఏ పని దేనికోసం ఆగుతోందో మాత్రం అందులో లేదు. అందుకే మీ షెడ్యూల్‌ని మొత్తంగా జరపడం తప్ప మీకు దారి లేకపోయింది.

నెట్‌వర్క్ డయాగ్రమ్‌లో ఉండేది అదే. ఒక్కో పనికి ఒక బాక్సు, రెండు బాక్సుల మధ్య ఒక గీత. ఆ గీతకి అర్థం "ఇది అయితేనే అది". తేదీ అనేది ఆ గీతల్లోంచి లెక్క కట్టి పుట్టాలి, మనం టైపు చేసి పెట్టకూడదు. నేను ఇరవై ఏళ్లకు పైగా చేస్తున్న పని ఇదే. గీతకి కారణం ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే ఆ గీత గీయొద్దు. చెప్పగలిగితే, ఎంత చిన్నదైనా వదలొద్దు.

ముందు కంప్యూటర్ మూసేయండి. నాలుగు చార్టులు అతికించి సైటు ఆఫీసు గోడకి కొట్టండి. అట్టముక్కలు చిన్నచిన్నవి కోసుకోండి, వెనక టేపు. ఒక్కో ముక్క మీద ఒక పని, ఎన్ని రోజులు, ఎవరి గ్యాంగు అన్నది రాయండి. 340 ఇప్పుడు వద్దు. మొత్తం బిల్డింగుకి 50, 60 ముక్కలు చాలు. తర్వాత కావాలంటే ఒక్కో ముక్కని విప్పుకోవచ్చు.

మొదలు నుంచి కాకుండా చివరి నుంచి మొదలుపెట్టండి. కుడి పక్క చివర "తాళాలు ఇవ్వడం" అని ఒక ముక్క అతికించి, దీనికి ముందు తప్పకుండా ఏమేం అయి ఉండాలి అని అడుగుతూ ఎడమకి రండి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, కరెంటు కనెక్షన్, నీళ్లు, లిఫ్ట్. మళ్లీ వాటిలో ఒక్కోదానికి ముందు ఏమిటి? మొదటి నుంచి వెళితే అలవాటు కొద్దీ ఫౌండేషన్, కాలమ్స్, స్లాబ్ అని ఒకే తాడు పేనుకుంటూ పోతాం. ఆఫీసు పనులు, కాగితాలు, ఆర్డర్లు ఆ తాడులో ఎక్కడా కనపడవు. చివరి నుంచి వస్తే అవి దాక్కోలేవు.

మేస్త్రీల సంగతి. "షెడ్యూల్ కోసం మీ పనికి ఎన్ని రోజులు?" అని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పరు. రేపు ఆ అంకె పట్టుకుని తమ మీదకే వస్తారని భయం. మీరు చిన్నవారైనందుకు కాదు, నా జుట్టు నెరిసినా నాకూ అలాగే దాటేస్తారు. అందుకని రోజులు అడక్కండి. సాయంత్రం టీ వేళ, సెంట్రింగ్ మేస్త్రీ షీట్ల మీద కూర్చున్నప్పుడు వెళ్లి, "రేపు పొద్దున నీ పని ఆగిపోవాలంటే ఏది లేకపోతే ఆగుతుంది?" అని అడగండి. తనను ఎవరు ఆపుతున్నారో చెప్పడం మనిషికి ఇష్టం. గలగలా చెప్తాడు. ఎలక్ట్రీషియన్ పైపులు వేయకపోతే స్లాబు ఆగుద్ది, కింది స్లాబు షీట్లు ఊడదీయనిస్తే గానీ పై స్లాబుకి సామాను లేదు, క్రేను మధ్యాహ్నం దాకా పక్క బ్లాకుకే ఉంటది. ఈ మూడు వాక్యాల్లో మూడు గీతలు ఉన్నాయి, మీ 340 లైన్లలో ఒక్కటీ లేదు. పాలమూరు నుంచి వచ్చిన ఒక మేస్త్రీ నా మొదటి చార్టు ముందు నిలబడి, చదవకుండానే, వేలితో రెండు ముక్కల మధ్య తట్టి "ఇక్కడ ఒకటి మర్చిపోయినవ్ సారూ" అన్నాడు. నిజమే, కాలమ్ స్టార్టర్లు (కాలమ్ అడుగున ముందుగా పోసే చిన్న దిమ్మెలు) మర్చిపోయాను. ఆ రోజు నుంచి మేస్త్రీ చూడని నెట్‌వర్క్‌ని నేను పూర్తయినట్టు లెక్కపెట్టలేదు.

గీతలన్నీ ఒక రంగు పెన్నుతో గీయకండి. కాలమ్ లేనిదే స్లాబు లేదు, అది మార్చలేని గీత, నల్ల పెన్ను. సెంట్రింగ్ సామాను రెండు స్లాబులకే ఉంది కాబట్టి మొదటి స్లాబు షీట్లు ఊడాకే మూడో స్లాబు షీట్లు, అది ఎర్ర పెన్ను. ఎందుకంటే ఇంకో సెట్ అద్దెకి తెస్తే ఆ గీత చెరిగిపోతుంది. అనుమతుల గీతలకి మూడో రంగు. ఆలస్యం వచ్చిన రోజు మీ ఎండీ గారి ముందు ఈ రంగులే మాట్లాడతాయి. నల్లగీతతో బేరం లేదు, ఎర్రగీతకి డబ్బు ఖర్చవుతుంది, మూడో రంగుకి ఆఫీసుల చుట్టూ తిరగాలి.

జాకీల (స్లాబుని కింద నుంచి మోసే ఇనుప ఆనింపుల) గీత మాత్రం చాలామంది మర్చిపోతారు. కాంక్రీటు పనులకి మన దేశపు కోడ్ ఐఎస్ 456 ప్రకారం మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుకి స్లాబు అడుగు షీట్లు 3 రోజులకి తీయొచ్చు గానీ జాకీలు వెంటనే మళ్లీ బిగించాలి. స్పాన్ (ఆధారాల మధ్య దూరం) 4.5 మీటర్లలోపు అయితే జాకీలు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు. బీములకి 6 మీటర్లలోపు 14, పైన 21. పీపీసీ (ఫ్లైయాష్ లాంటివి కలిపిన సిమెంటు) వాడుతుంటే ఈ రోజుల్ని మీ స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని అడిగి పెంచుకోవాలి. పైగా పై స్లాబు పోసేటప్పుడు ఆ పచ్చి కాంక్రీటు బరువు కింద అంతస్తుల జాకీల మీదే పడుతుంది. అంటే రెండో అంతస్తులో జాకీలు అడవిలా నిలబడి ఉండగా అక్కడ ఇటుక పని మొదలవదు. చార్టులో చూస్తే మాత్రం "రెండో స్లాబు అయింది, మర్నాటి నుంచి ఇటుక పని" అని ఉంటుంది. ఈ ఒక్క గీత లేక ఇటుక గ్యాంగుని పిలిపించి, పది రోజులు ఖాళీగా కూర్చోబెట్టి కూలి ఇచ్చిన సైట్లు నేను చూశాను.

ఇక లెక్క. పెద్ద బిల్డింగ్ మీద కాకుండా ఒక్క బాత్రూమ్ మీద చేసి చూడండి, విషయమంతా అందులోనే ఉంది.

గోడలు కట్టడానికి 2 రోజులు. గోడ అయ్యాక ప్లంబర్ గాడి కొట్టి పైపులు వేసి, సన్కెన్‌లో (బాత్రూమ్ స్లాబుని దించి వదిలిన పల్లంలో) డ్రెయిన్ లైన్లు కలపడానికి 2, ప్రెజర్ టెస్టుకి 1. అదే గోడ మీద ఎలక్ట్రీషియన్‌కి 1 రోజు చాలు, ప్లంబర్ ఉండగానే చేసుకోవచ్చు. ఇద్దరి పనీ అయితేనే ప్లాస్టరింగ్, 2 రోజులు. తర్వాత వాటర్‌ప్రూఫింగ్ 2, నీళ్లు నిలిపి లీకేజీ చూడటం 2, సన్కెన్ నింపడం 1. ఇక్కడికి 12 రోజులు. టైల్స్ 4, ఫిట్టింగులు 1. మొత్తం 17 అని రాసేస్తాం. (కొన్ని సైట్లలో డ్రెయిన్ లైన్ల కంటే ముందే వాటర్‌ప్రూఫింగ్ ఒక కోటు వేస్తారు. మీ స్పెసిఫికేషన్‌లో ఏది ఉంటే అదే గీయండి.)

ఇప్పుడు "టైల్స్ వేయడానికి ముందు ఏమి ఉండాలి?" అని వెనక్కి అడగండి. సన్కెన్ నిండాలి, నిజమే. టైల్స్ కూడా ఉండాలి కదా! రంగు, సైజు తేల్చడానికి ఆఫీసులో 3 రోజులు, ఆర్డరు పెట్టాక గుజరాత్‌లోని మోర్బీ నుంచి లారీ సైటుకి చేరడానికి 12 రోజులు అనుకుందాం. అంటే 15. గోడ మొదలైన రోజే ఎంపిక మొదలైనా టైల్స్ పని 15వ రోజు ముగిశాక గానీ మొదలవదు. మొత్తం 17 కాదు, 20. క్రిటికల్ పాత్, అంటే చివరి తేదీని నిర్ణయించే అన్నిటికంటే పొడవైన తాడు, మేస్త్రీల మీదుగా పోవడం లేదు, ఆఫీసు బల్ల మీదుగా పోతోంది. కింద సైటులో అందరినీ తొందరపెట్టి ఓవర్‌టైమ్ ఇచ్చినా ఒక్క రోజు కూడా కలిసిరాదు. శాంపిల్ బోర్డు రెండు రోజులు ముందు తెప్పిస్తే రెండు రోజులూ కలిసొస్తాయి.

ఇదే బొమ్మని వెనక నుంచి లెక్కపెట్టండి. టైల్స్ 15 తర్వాత మొదలవ్వాలంటే సన్కెన్ నింపడం ఆలస్యంగా 14 తర్వాత, నీళ్ల పరీక్ష 12 తర్వాత, వాటర్‌ప్రూఫింగ్ 10 తర్వాత, ప్లాస్టరింగ్ 8 తర్వాత మొదలైనా చాలు. ముందు నుంచి లెక్కలో ప్లాస్టరింగ్ 5 తర్వాతే మొదలవగలదు. ఆ తేడా 3 రోజులే టోటల్ ఫ్లోట్. ఎలక్ట్రీషియన్ పని 3వ రోజుకి అయిపోగలదు, 8 దాకా ఆగొచ్చు, అంటే 5 రోజుల ఫ్లోట్. అందులో 2 రోజులు మాత్రమే అతని సొంతం, దాన్ని ఫ్రీ ఫ్లోట్ అంటారు. మిగతా 3 రోజులూ ప్లంబర్‌కీ, ప్లాస్టరింగ్ వాళ్లకీ, వాటర్‌ప్రూఫింగ్ వాళ్లకీ అందరికీ ఉమ్మడి. ఒకే కుండలో నీళ్లు. ప్లంబర్ రెండు రోజులు తాగేస్తే తర్వాతి వాళ్లందరికీ ఒకటే మిగులుతుంది. ఈ సంగతి తెలియక, సాఫ్ట్‌వేర్‌లో ప్రతి పని పక్కనా "ఫ్లోట్ 3" అని కనపడగానే ప్రతి గ్యాంగుకీ విడివిడిగా మూడు రోజులు ఉన్నాయని చెప్పేస్తారు. అలా చెప్పకండి.

దూరపు గీతల్ని వెతకండి అని మరీ మరీ చెప్పడానికి నాకు సొంత కారణం ఉంది. పన్నెండేళ్ల కిందట కూకట్‌పల్లి వైపు ఒక సైటుకి షెడ్యూల్ నేనే వేశాను. లిఫ్ట్ పని చివరి నాలుగు నెలల్లో పెట్టాను, లిఫ్ట్ కంపెనీ ఎంపిక దానికి రెండు నెలల ముందు. చూడటానికి ఎంతో సవ్యంగా ఉంది. కంపెనీ ఖరారయ్యాక వాళ్ల డ్రాయింగ్ వచ్చింది. వాళ్లకి కావలసిన పిట్ (లిఫ్ట్ అడుగున వదిలే గొయ్యి) లోతు మేం రాఫ్ట్‌లో వదిలిన దానికంటే 300 మిల్లీమీటర్లు ఎక్కువ. రాఫ్ట్ పోసి అప్పటికి ఏడాది దాటింది. కట్టిన కాంక్రీటుని కోర్ కటింగ్ పెట్టి కొట్టడమా, ఆ కంపెనీని వదులుకోవడమా అని నెలన్నర తర్జనభర్జన. చివరికి పిట్ సరిపోయే ఇంకో మోడల్‌ని ఎక్కువ డబ్బు పెట్టి తీసుకున్నారు. అప్పటికే చేరిన రెండు కుటుంబాలు, ఒక పెద్దావిడతో సహా, ఐదో అంతస్తుకి మెట్లెక్కారు. ఆవిడ ప్రతి అంతస్తులో ఆగి రెయిలింగ్ పట్టుకుని నిలబడటం నాకింకా గుర్తుంది. తప్పు నాది. లిఫ్ట్ కంపెనీ ఎంపిక నుంచి రాఫ్ట్ డ్రాయింగ్‌కి ఒక గీత ఉండాలి, నేను గీయలేదు. మీ రాక్ ఇంకా కొడుతూనే ఉంటే, రాఫ్ట్ పోయకముందే, ఇవాళే వెళ్లి మీ లిఫ్ట్ పిట్ లోతు ఏ డ్రాయింగ్ నుంచి వచ్చిందో అడగండి. అలాంటివే ఇంకా ఉంటాయి: ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడ కూర్చుంటుందో తేలకుండా సెట్‌బ్యాక్‌లో (బిల్డింగు చుట్టూ వదిలే ఖాళీ స్థలంలో) పేవింగ్, సంపు స్లాబులో పైపుల కోసం వదలాల్సిన స్లీవులు.

క్యాలెండర్లు ఒకటి కాదు, రెండు మూడు పెట్టుకోండి. క్యూరింగ్‌కి ఆదివారం లేదు, రోజూ నడుస్తుంది. మామూలు సిమెంటుకి కనీసం 7 రోజులు, పీపీసీ లాంటి బ్లెండెడ్ సిమెంటుకి 10 అని అదే కోడ్ చెప్తుంది. దాన్ని గీత మీద ల్యాగ్‌గా (ఊరికే ఆగే రోజులుగా) దాచకండి, బాక్సే పెట్టండి. బాక్సు ఉంటే నీళ్లు పట్టే మనిషి పేరు రాయాల్సి వస్తుంది. ఏప్రిల్ ఎండల్లో ఆ పేరు లేకపోతే స్లాబు మీద గోనెసంచులు మధ్యాహ్నానికే ఎండి కరకరలాడతాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మట్టి పనికి వేరే క్యాలెండర్. వానాకాలంలో సెల్లార్ తవ్వకాల మీద ఆంక్షలు కూడా వస్తుంటాయి. అక్టోబరు వచ్చింది కదా అని ధీమా పడకండి. 2020 అక్టోబరు 13 రాత్రి ఈ నగరంలో ఎన్ని సెల్లార్లు నిండాయో చూసినవాళ్లం. రిటైనింగ్ వాల్, దాని వెనక మట్టి నింపడం (బ్యాక్‌ఫిల్లింగ్) అయ్యేదాకా ఆ గొయ్యికి మోటార్లు సిద్ధంగా ఉండాలి, అదీ ఒక బాక్సే. పగలు భారీ వాహనాల్ని రానివ్వని రోడ్డు మీదుగా మీ రెడీమిక్స్ వస్తుంటే స్లాబు రాత్రి పోస్తారు, అప్పుడు మర్నాడు ఆ గ్యాంగు పనిచేయదు. ఈ చిన్న సంగతి ఒక్కో స్లాబుకి ఒక రోజు తింటుంది.

గోడ మీద గీతలు కుదురుకున్నాకే సాఫ్ట్‌వేర్ తెరవండి. ప్రైమవేరా అయినా ఎంఎస్ ప్రాజెక్ట్ అయినా రోజులు, గీతలు మాత్రమే ఇవ్వండి, తేదీ టైపు చేయకండి. టైపు చేసిన ప్రతి తేదీ ఒక మేకు, లెక్క అక్కడ ఆగిపోతుంది. మొట్టమొదటి బాక్సు, చిట్టచివరి బాక్సు తప్ప ప్రతిదానికీ ముందొకటి, వెనకొకటి గీత ఉందా అని చూడండి. వెనక గీత లేని బాక్సు ఎంత ఆలస్యమైనా ఎవరికీ చెప్పకుండా కూర్చుంటుంది. స్టార్ట్ టు స్టార్ట్ గీతలు ప్లాస్టరింగ్, ఇటుక పని లాంటి వాటికి బాగుంటాయి, కింది అంతస్తులో ఇటుక పని మొదలైన ఇన్ని రోజులకి ప్లాస్టరింగ్ మొదలు అని. కానీ ముగింపుని కూడా ఫినిష్ టు ఫినిష్‌తో (అది ముగిస్తేనే ఇది ముగిసేలా) కట్టండి, లేకపోతే ఇటుక పని ఆగిపోయినా ప్లాస్టరింగ్ పూర్తయినట్టు చార్టు చూపిస్తుంది.

ఎండీ గారికి ఏం చెప్పాలి? ఈ 22 రోజుల్ని రాక్ బ్రేకింగ్ బాక్సులో నిజంగా పట్టిన రోజులుగా వేసి, ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి లెక్క తిప్పండి. ఫౌండేషన్, స్లాబుల తాడు క్రిటికల్ అయితే అది 22 జరుగుతుంది. అదే సమయంలో టైల్స్, కిటికీల ఆర్డర్ల తాళ్లకి 22 రోజుల ఊపిరి దొరుకుతుంది, కాబట్టి అడ్వాన్సులు ఇప్పుడే ఇవ్వాల్సిన పనిలేదని ఆయనకి చెప్పొచ్చు, ఆ మాట ఆయన తప్పకుండా వింటారు. తర్వాత ఆ తాడు మీద ఎర్రగీతలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఇంకో సెట్ సెంట్రింగ్ తెస్తే ఒక్కో స్లాబుకి ఎన్ని రోజులు తగ్గుతాయో, అద్దె ఎంతో, చివరి తేదీ అప్పుడు ఎక్కడికి వస్తుందో ఒక కాగితం మీద రాయండి. తెస్తే ఫలానా తేదీ, తేకపోతే ఫలానా తేదీ. రెండు తేదీలు పెట్టి నిర్ణయం ఆయనకి వదిలేయండి. కొనుగోలుదారులకి ఏ తేదీ చెప్పాలన్నది అప్పుడు ఆయనే తేలుస్తారు.

యారోనా, బాక్సా అన్నారు. బాక్సులే. క్రిటికల్ పాత్ పద్ధతి 1957 ప్రాంతంలో డూపాంట్ కంపెనీ కోసం కెల్లీ, వాకర్ తయారుచేసినప్పుడు అది యారోలతో, కంప్యూటర్ మీద నడిచేది. కంప్యూటర్ కొనలేని కాంట్రాక్టర్ల కోసం స్టాన్‌ఫర్డ్‌లో జాన్ ఫోండాల్ 1961లో చేత్తో చేసుకునే పద్ధతిగా బాక్సుల్ని వివరించాడు. ఇవాళ మీ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నది ఆ బాక్సులే. గోడకి అట్టముక్కలు అంటించమన్నానని చిన్నతనంగా అనుకోకండి, ఈ పద్ధతి పుట్టిందే అలాంటి పనికి. ఇంటర్వ్యూల్లో డమ్మీ గురించి ఇంకా అడుగుతుంటారు కాబట్టి అది కూడా తెలుసుకోండి. యారో పద్ధతిలో గీతే పని, దాని రెండు చివరల చుక్కలకి అంకెలు వేసి ఆ జతతోనే పనిని గుర్తిస్తారు. మన బాత్రూమ్‌లో ప్రెజర్ టెస్టు తీసేసి యారోలతో గీయండి. ప్లంబర్ గీతా, ఎలక్ట్రీషియన్ గీతా రెండూ "గోడ అయింది" అనే చుక్కలో మొదలై "ప్లాస్టరింగ్ మొదలు" అనే చుక్కలోనే ముగుస్తాయి. రెండు పనులకీ ఒకే జత అంకెలు వస్తాయి, ఏది ఏదో తెలియదు. ఎలక్ట్రీషియన్ గీతని మధ్యలో ఇంకో చుక్క దగ్గర ఆపి, అక్కడి నుంచి ప్లాస్టరింగ్ చుక్కకి సున్నా రోజుల తునక గీత (ముక్కలు ముక్కలుగా గీసేది) ఒకటి వేస్తే విడిపోతాయి. ఆ తునక గీతే డమ్మీ.